ఫెయిర్‌ఫర్డ్ చర్చి రంగు గాజు కిటికీలు: చిత్రపాఠం, పూరణ, పరిష్కరణ

వ్యాససంగ్రహం:

ఇంగ్లండులోని ఫెయిర్‌ఫర్డ్ అనే చిన్న ఊరిలో ఉన్న సెయింట్ మేరీ చర్చి 16వ శతాబ్దం తొలి సంవత్సరాల నాటి 28 రంగు గాజు కిటికీలకు ప్రసిద్ధి. ఈ వ్యాసం ఆ కిటికీలను ఒక క్రమంలో చదవవలసిన పాఠంగా పరిగణిస్తుంది. వాటి నిర్మాణ నేపథ్యం, తయారీ పద్ధతి, చిత్రాల అమరిక, అవి పొందిన నష్టం, ఆ నష్టాన్ని పూరించిన తీరు ఇందులో వివరించడమైనది. 1860లలో జరిగిన పూరణకూ, 1988–2010 మధ్య జరిగిన పరిరక్షణకూ మధ్య ఉన్న దృక్పథ భేదాన్ని పాఠపరిష్కరణ శాస్త్రం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: ఫెయిర్‌ఫర్డ్, స్టెయిన్డ్ గ్లాస్, పారిష్ చర్చి, చిత్రపాఠం, పూరణ, పాఠపరిష్కరణ, ఎఱ్ఱన

1. ప్రవేశిక:

గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో, కోల్న్ నది ఒడ్డున ఫెయిర్‌ఫర్డ్ ఉంది. అక్కడి సెయింట్ మేరీ చర్చి పెద్ద కెథడ్రల్ కాదు. ఒక ఊరివారి ఆరాధనకూ, పెళ్లిళ్లకూ, అంత్యక్రియలకూ నెలవైన సాధారణ పారిష్ చర్చి. అయినా మధ్యయుగపు రంగు గాజు కిటికీల వరుస మొత్తంగా నిలిచి ఉన్న పారిష్ చర్చి ఇంగ్లండు దేశమంతటా ఇదొక్కటే. మిగిలిన చోట్ల ఒక ముఖమో, ఒక రెక్కో, అతుకుల బొంతలా కుట్టిన ముక్కలో కనిపిస్తాయి. ఇక్కడ కథ మొదలు నుంచి చివరిదాకా ఉన్నది.

తెలుగువారికి రంగు గాజు కిటికీ అనగానే మెదక్ కెథడ్రల్ గుర్తుకువస్తుంది. 1924లో ప్రతిష్ఠ పొందిన ఆ ఆలయంలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాల కిటికీలున్నాయి. వాటిని రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ ఆంగ్ల చిత్రకారుడు. మెదక్‌లో మూడు కిటికీలు మూడు ఘట్టాలను చెబితే, ఫెయిర్‌ఫర్డ్‌లో 28 కిటికీలు కలిసి ఒకే గ్రంథంగా నడుస్తాయి.

తెలుగు అధ్యాపకుడిగా నాకు ఈ కిటికీలపై ఆసక్తి కలగడానికి కారణం పాఠపరిష్కరణ పాఠ్యాంశం. లుప్తభాగం, పూరణ, ప్రక్షిప్తం వంటి పదాలు తాళపత్రాన్ని ఎన్నడూ చేతపట్టని విద్యార్థులకు కేవలం నిర్వచనాలుగా మిగిలిపోతున్నాయి. ఒక తరగతిలో ఫెయిర్‌ఫర్డ్ పడమటి కిటికీ ఛాయాచిత్రాన్ని తెర మీద చూపి, ఇందులో పాతది ఎంత, కొత్తది ఎంత అని అడిగాను. ఆ రోజు జరిగిన చర్చే ఈ వ్యాసానికి మూలం. నేను కూడా ఈ కిటికీలను ఛాయాచిత్రాల ద్వారానే ఎరుగుదునని ముందే చెప్పడం సముచితం.

2. నిర్మాణ నేపథ్యం:

ఫెయిర్‌ఫర్డ్ ఉన్న కాట్స్‌వోల్డ్ కొండ ప్రాంతం 15వ శతాబ్దంలో గొర్రెల ఉన్నికి పేరుపొందినది. జాన్ టేమ్ అనే ఉన్ని వర్తకుడు తన సంపదతో పాత చర్చిని దాదాపు పూర్తిగా తిరిగి కట్టించాడు. ఆయన 1500లో మరణించాడు. మిగిలిన పనిని కుమారుడు ఎడ్మండ్ టేమ్ కొనసాగించాడు. కిటికీల గాజు సుమారు 1500కూ 1517కూ మధ్య తయారైనదని పరిశోధకుల అభిప్రాయం. ఇంగ్లండు రాజుకు గాజుపని పెద్దగా ఉన్న బార్నార్డ్ ఫ్లవర్ కర్మశాలకు ఈ పనిని ఆపాదిస్తారు. ఆయన 1517లో మరణించాడు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజ్ ప్రార్థనాలయపు గాజుపనిని తొలుత చేపట్టినవాడు కూడా ఆయనే. అయితే ఫెయిర్‌ఫర్డ్ విషయంలో ఇది శైలిని బట్టి చేసిన ఊహ మాత్రమే. గతంలో మన చాటుపద్యాలకు కర్తృత్వం నిర్ణయించిన పద్ధతి కూడా చాలావరకు ఇటువంటిదే కనుక, దీని బలమూ బలహీనతా మనకు కొత్త కాదు.

కర్తృత్వం తెలియని చోట కథలు పుడతాయి. జాన్ టేమ్ సముద్రంలో ఒక ఓడను పట్టుకున్నాడనీ, అందులో దొరికిన గాజు కోసమే చర్చి కట్టించాడనీ ఒక ఐతిహ్యం చాలాకాలం ప్రచారంలో ఉంది. 19వ శతాబ్దంలో మరికొందరు ఈ చిత్రాలను జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్‌కు ఆపాదించారు. దానిపై పత్రికలలో వాదోపవాదాలు నడిచాయి. ఓడ కథకు సమాధానం కిటికీలలోనే ఉంది. కిటికీల పైభాగంలో రాతిని చెక్కి అల్లిన చిన్న చిన్న గూళ్లు ఉంటాయి. వాటి వంపులు కొలిచినట్టుగా ఆ గాజుముక్కలు ఇమిడాయి. ఎక్కడికో పోవలసిన సరుకు ఈ గోడల రంధ్రాలకు ఇంత ఖచ్చితంగా సరిపడడం అసంభవం. శైలిలో ఫ్లెమిష్ ఛాయలు స్పష్టంగా ఉన్నమాట నిజం. అందుకు ఆ కాలంలో ఇంగ్లండులో స్థిరపడి పనిచేస్తున్న ఫ్లెమిష్ శిల్పులు చాలు, ఓడ అక్కరలేదు.

3. గాజు మీద రాత:

స్టెయిన్డ్ గ్లాస్ అనే పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. తెల్లని గాజుపై రంగు పూస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రధానమైన రంగులు గాజు కరిగే కుండలోనే కలుస్తాయి. కోబాల్టు నీలాన్ని ఇస్తుంది. రాగి ఆకుపచ్చనూ, కొలిమి స్థితిని బట్టి ఎరుపునూ ఇస్తుంది. మాంగనీసు ఊదాఛాయలను తెస్తుంది. రాగి ఎరుపుతో ఒక చిక్కు ఉంది. గాజు మందమంతా ఎర్రగా ఉంటే వెలుతురు దాటక నల్లగా కనిపిస్తుంది. అందుచేత తెల్లని గాజు మీద పలుచని ఎర్రపొర ఎక్కించి ఊదేవారు. ఆ పొరను కావలసిన చోట గీకివేస్తే ఎరుపులో తెలుపు నమూనా తేలుతుంది.

చిత్రానికి పూర్తి కొలతలో గీత తయారయ్యాక, దాని ప్రకారం రంగు గాజులను ముక్కలుగా కోస్తారు. ముఖం, వేళ్లు, వస్త్రపు మడతలు మొదలైన వివరాలను లోహభస్మమూ మెత్తగా నూరిన గాజూ కలిపిన నల్లటి లేక గోధుమవన్నె వర్ణంతో గీస్తారు. దానిని కొలిమిలో కాల్చితే ఆ గీత గాజులో కరిగి నిలుస్తుంది. తరువాత ముక్కలన్నింటినీ సీసపు పట్టీలతో కూర్చి, కూడళ్లను మాటువేస్తారు. సీసపు పట్టీకి రెండు వైపులా గాడి ఉంటుంది. ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క ముక్క అంచు ఇముడుతుంది. చూసేవారికి ఆ సీసమే నల్లని రేఖ. అంటే కట్టును నిలబెట్టే ఎముకా, బొమ్మను వేరుచేసే గీతా ఒకటే.

ఇంకొక ప్రక్రియను ప్రత్యేకంగా పేర్కొనాలి. గాజు వెనుకవైపు వెండి లవణాన్ని పూసి కాల్చితే అది నిమ్మపండు పసుపు నుంచి గాఢమైన బంగారు వన్నె దాకా రంగు తెస్తుంది. ఐరోపాలో 14వ శతాబ్దం ఆరంభం నుంచి ఇది విరివిగా వాడుకలోకి వచ్చింది. స్టెయిన్ అన్న పదానికి అసలైన అన్వయం దీనికే. ఈ ప్రక్రియ వల్ల ఒకే ముక్క మీద తెల్లని ముఖాన్నీ పసుపు జుట్టునూ సీసం అడ్డు లేకుండా చూపడం సాధ్యమైంది. ఫెయిర్‌ఫర్డ్ చిత్రాలలో కనిపించే దూరపు ఊళ్లూ, భవనాలూ, జరీ అంచులూ ఈ వెసులుబాటు ఫలితాలే.

ఈ వివరణ ఇంత దీర్ఘంగా ఇవ్వడానికి కారణం ఉంది. ఒక ముక్క పగిలితే దానిని నిలపడానికి పాతకాలపు పనివారికి తెలిసిన మార్గం పగులు వెంబడి మరొక సీసపు పట్టీ వేయడం. ఆ పట్టీ గాజును కాపాడుతుంది, బొమ్మను చెడగొడుతుంది. ముఖం మధ్యగా పోయిన నల్లగీత చిత్రకారుడు గీసినదా, మరమ్మతు చేసినవాడు వేసినదా అన్నది చూడగానే తెలియదు. లేఖకుడు ప్రతి అంచున రాసుకున్న మాట తరువాతి ప్రతిలో మూలంలోకి జొరబడిన సందర్భాలు మనకు ఎన్నో తెలుసు. మరమ్మతు సీసం అటువంటిదే.

4. చదివే క్రమం:

చర్చి బలిపీఠం తూర్పున ఉంటుంది. కథ ఉత్తరపు వైపున మొదలై తూర్పుకూ, అక్కడి నుంచి దక్షిణానికీ, చివరకు పడమరకూ సాగుతుంది. ఇది మన ప్రదక్షిణ దిశే కావడం యాదృచ్ఛికం. దాని మీద సిద్ధాంతాలు కట్టనవసరం లేదు.

మొదటి కిటికీలో నాలుగు దృశ్యాలున్నాయి. సర్పం మాటకు లోనైన హవ్వ, మండుతున్న పొద ముందు మోషే, గొఱ్ఱెబొచ్చుతో గిద్యోను, సొలొమోను కొలువులో షేబ దేశపు రాణి. పాత నిబంధనలో ఈ నాలుగూ ఒకదాని పక్కన ఒకటి ఉన్న కథలు కావు. వీటిని కలిపినది రాబోయే కథ. హవ్వ వల్ల పోయినది మరియ వల్ల తిరిగి వస్తుందని మధ్యయుగపు వ్యాఖ్యాతలు భావించారు. కాలిపోకుండా మండిన పొద మరియ కన్యాత్వానికి పూర్వసూచన. గిద్యోను బొచ్చు మీద మాత్రమే కురిసిన మంచు ఆమె గర్భధారణకు సూచన. కానుకలు తెచ్చిన షేబ రాణి, కానుకలు తెచ్చే జ్ఞానులకు ముందుగుర్తు. కావ్యాదిలో వస్తునిర్దేశం చేసినట్టుగా, మరియ కనిపించకముందే ఆమె కథ ఇక్కడ సూచితమైంది. ఇటువంటి జంటలను కూర్చిన ‘పేదల బైబిలు’ వంటి బొమ్మల పుస్తకాలు 15వ శతాబ్దపు ఐరోపాలో అచ్చులో వ్యాపించాయి. గాజుపనివారు వాటిని ఎరిగి ఉన్నారని చిత్రాల కూర్పు తెలుపుతుంది.

తరువాతి కిటికీలలో మరియ జననం, వివాహం, గబ్రియేలు శుభవార్త, యేసు జననం, ఐగుప్తుకు పలాయనం వరుసగా వస్తాయి. తూర్పున బలిపీఠం మీది పెద్ద కిటికీలో కింది వరుస యెరూషలేము ప్రవేశంతో మొదలై సిలువ మోయడంతో ముగుస్తుంది. పై భాగమంతా సిలువ దృశ్యమే. రాతి స్తంభాలు అడ్డువచ్చినా చిత్రం వాటిని లెక్కచేయక ఐదు గదులలోనూ ఒకటిగా పరచుకుంటుంది. దక్షిణపు వైపు సమాధి, పునరుత్థానం తరువాతి దర్శనాలు, ఆరోహణం, పరిశుద్ధాత్మ అవతరణం.

ఇక్కడితో కథనం ఆగి, వాదం మొదలవుతుంది. ఈ కిటికీల ప్రతిభ ఈ రెండవ భాగంలోనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. దక్షిణపు గోడన పన్నెండుగురు అపొస్తలులు నిలుచున్నారు. ఒక్కొక్కరి చెంత అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోని ఒక్కొక్క వాక్యం ఉన్న పత్రం. వారికి ఎదురుగా ఉత్తరపు గోడన పన్నెండుగురు ప్రవక్తలు, వారి వచనాలతో. ప్రవక్త ముందుగా పలికినది ఎదుటి గోడన విశ్వాసవాక్యమై నిలుస్తుంది. నలుగురు సువార్తికులకు ఎదురుగా వారి గ్రంథాలను వ్యాఖ్యానించిన నలుగురు లాటిన్ ఆచార్యులున్నారు. మూలానికి ఎదురుగా వ్యాఖ్యానం. మధ్యనున్న నడవలో నిలబడే మనిషి ఆ రెంటి నడుమ ఉంటాడు.

పై అంతస్తు కిటికీలలో ఈ ఎదురెదురు అమరిక మరింత తీవ్రమవుతుంది. దక్షిణాన నాలుగు కిటికీలలో మూడేసి చొప్పున పన్నెండుగురు హతసాక్షులు, వారి పైన దేవదూతలు. ఉత్తరాన అదే లెక్కలో పన్నెండుగురు హింసకులు, వారి పైన చిన్న చిన్న దయ్యాలు. ఉత్తరార్ధగోళంలో, అందునా ఇంగ్లండు వంటి ఉత్తరదేశంలో, సూర్యుడు దక్షిణపు వైపునే నడుస్తాడు. హతసాక్షులు నేరుగా ఎండ పడే గోడన ఉన్నారు, హింసకులు ఎండ పడని గోడన ఉన్నారు. వెలుతురునే అర్థంగా వాడుకున్న ఈ అమరిక కాగితం మీద గాని గోడచిత్రంలో గాని సాధ్యపడదు.

పడమటి గోడన ఉన్నది కడవరి తీర్పు. దానికి ఇరువైపులా రెండు మానవ తీర్పులు: సౌలును తానే చంపానని చెప్పుకున్న అమాలేకీయునికి దావీదు విధించిన శిక్ష, ఒకే బిడ్డ కోసం తగవుపడిన ఇద్దరు స్త్రీల మధ్య సొలొమోను చెప్పిన తీర్పు. పెద్ద కిటికీ పై సగంలో ఇంద్రధనుస్సు మీద క్రీస్తు, చుట్టూ వలయాలుగా దేవదూతలు. కింది సగం మధ్యలో మిఖాయేలు ఆత్మలను తూచుతున్నాడు. ఒకవైపు రక్షణ పొందినవారు బంగారు మెట్లెక్కుతుంటే పేతురు స్వాగతిస్తున్నాడు. మరొకవైపు ఎర్రని నరకం. అందులో ఒక దయ్యం ఒక స్త్రీని తోపుడుబండిలో వేసుకుని పోతున్నది. కొసన చేపతల వంటి ముఖమూ, కడుపున మరొక ముఖమూ ఉన్న సాతాను కూర్చున్నాడు. సాయంసంధ్య వెలుతురు ఈ ఎరుపులోంచే లోపలికి వస్తుంది.

నిరక్షరాస్యులకు చిత్రమే గ్రంథమని 600 ప్రాంతంలో పోప్ గ్రెగరీ రాసిన లేఖలోని భావాన్ని ఇటువంటి కిటికీల సందర్భంలో తరచుగా ఉదాహరిస్తారు. దానిని యథాతథంగా అంగీకరించడం కష్టం. గిద్యోను కథ విననివానికి ఆ కిటికీలో గొఱ్ఱెబొచ్చు తప్ప మరేమీ కనిపించదు. చేర్యాల నకాషి పటానికి కథ చెప్పే గాయకుడు ఎంత అవసరమో, ఈ కిటికీకి వేదిక మీది బోధకుడు అంత అవసరం. చిత్రం నేర్పదు, విన్నదానిని నిలుపుతుంది.

5. నష్టమూ, నిలుపుదలా:

ఈ కిటికీలు పూర్తయిన కొద్ది దశాబ్దాలకే ఇంగ్లండులో మతసంస్కరణ వచ్చింది. 1547లో వెలువడిన రాజాజ్ఞలు గోడల మీదా కిటికీలలోనూ ఉన్న విగ్రహారాధన చిహ్నాలను తొలగించమన్నాయి. అయినా గాజు అంతటా పగలలేదు. కారణాన్ని విలియం హారిసన్ 1577లో తన దేశవర్ణనలో చెప్పాడు: కొత్త తెల్లగాజు తగినంత దొరకక, మార్చే ఖర్చు భరించలేక, పాతవాటిని వాటంతట అవే శిథిలం కానిచ్చారు. కళాఖండాలను కాపాడినది చాలాచోట్ల అభిరుచి కాదు, చలిగాలి. అంతర్యుద్ధ కాలంలో, 1643లో పార్లమెంటు మరింత కఠినమైన ఆజ్ఞ చేసింది. తూర్పు ప్రాంతాలలో విలియం డౌసింగ్ ఊరూరా తిరిగి పగలగొట్టించిన చిత్రాల లెక్కలు అతని దినచర్యలోనే ఉన్నాయి. ఫెయిర్‌ఫర్డ్‌లో విలియం ఓల్డిస్‌వర్త్ అనే స్థానిక ప్రముఖుడు గాజును దాచి కాపాడాడని స్థానిక ఐతిహ్యం.

మనుషులు వదిలిన దానిని గాలి వదలలేదు. 1703 నవంబరులో దక్షిణ ఇంగ్లండును కుదిపిన మహా తుఫాను ఫెయిర్‌ఫర్డ్ పడమటి గోడను ఎదురుగా తాకింది. కడవరి తీర్పు కిటికీ పైభాగం తీవ్రంగా దెబ్బతిన్నది.

6. 1860ల పూరణ:

బర్మింగ్‌హామ్‌కు చెందిన చాన్స్ బ్రదర్స్ సంస్థ 1860లలో పడమటి కిటికీని బాగుచేసింది. 1851 నాటి లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కు గాజు సమకూర్చినది ఈ సంస్థే. వారు పై సగాన్ని కొత్త గాజుతో చేసిన నకలుతో మార్చివేశారు. కనుక ఈనాడు ఇంద్రధనుస్సు మీద కనిపించే క్రీస్తు విక్టోరియా రాణి కాలపు క్రీస్తు. కింది మిఖాయేలు టేమ్ కుటుంబం చూసిన మిఖాయేలు. రెండింటి మధ్య కిటికీకి అడ్డంగా మూడున్నర శతాబ్దాల ఎడం ఉంది. పైన గాజు నునుపుగా, రంగులు కటువుగా ఉంటాయి. కింద గాజు మందం మారుతుంటుంది, వన్నె ఊగుతుంటుంది.

నా విద్యార్థులు ఇక్కడే ఎఱ్ఱనను ప్రస్తావించారు. ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో నన్నయ రచన నాలుగవ ఆశ్వాసంలో శరద్రాత్రుల వర్ణన వద్ద ఆగింది. సుమారు మూడు శతాబ్దాల తరువాత ఎఱ్ఱన నన్నయ శైలినే అనుసరించి, రాజరాజనరేంద్రునికే అంకితంగా ఆ శేషాన్ని పూరించాడు. ఒక విద్యార్థిని అడిగింది: ఎఱ్ఱనను మెచ్చుకునే మనం చాన్స్ బ్రదర్స్‌ను ఎందుకు తప్పుపట్టాలి? ప్రశ్న తేలికైనది కాదు. ఆ రోజు నేను ఇచ్చిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. తరువాత ఆలోచించగా రెండు భేదాలు తోచాయి. ఎఱ్ఱన లేనిదానిని రచించాడు, ఉన్నదానిని తీసివేయలేదు. చాన్స్ వారు చేసినది నకలు. నకలు తీయడానికి మూలం ఎంతో కొంత ఉండాలి. ఉన్న ముక్కలను నిలిపి లేనివాటిని మాత్రమే పూరించే మార్గాన్ని వారు ఎంచుకోలేదు. ఇక రెండవది: ఎఱ్ఱన తాను పూరించిన సంగతి పర్వాంతంలో తానే చెప్పుకున్నాడు. కిటికీ ఆ మాట చెప్పదు. కింద నిలబడి తలెత్తి చూసేవానికి అతుకు ఎక్కడున్నదో తెలిపే గుర్తు ఏదీ లేదు.

7. 1988–2010 పరిరక్షణ:

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కిటికీలన్నింటినీ విప్పి భద్రపరచి, యుద్ధానంతరం తిరిగి అమర్చారు. 1984లో లండన్ సొసైటీ ఆఫ్ ఆంటిక్వరీస్ ప్రచురణగా హిల్లరీ వేమెంట్ రచించిన సమగ్ర అధ్యయనం వెలువడింది. ఆ తరువాత 1988 నుంచి 2010 వరకు కీత్ బార్లీ నిర్వహణలో యార్క్‌లోని బార్లీ స్టూడియో కిటికీలను విడతలు విడతలుగా దించి, శుభ్రపరచి, తిరిగి నిలిపింది.

ఈ పనిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది మరమ్మతు సీసాల తొలగింపు. పగిలిన ముక్కలను అంచుకు అంచు ఆనించి పారదర్శకమైన జిగురుతో అతికించడంతో, ముఖాల మీది నల్లగీతలు పోయి చిత్రకారుని గీత బయటపడింది. రెండవది రక్షక గాజు. మధ్యయుగపు గాజులో కొయ్యబూడిద క్షారం ఎక్కువ. తడి తగిలితే అది కొద్దికొద్దిగా తినుకుపోతుంది, లోపలి వైపు పేరుకున్న నీటి ఆవిరి కాల్చిన గీతను కూడా ఊడదీస్తుంది. అందుచేత రాతి గాడిలో సాదా గాజును అమర్చి వానను దానికి అప్పగించారు. పాత గాజును కంచు చట్రాలలో బిగించి కొంత లోపలికి జరిపారు. రెంటి నడుమ చర్చి లోపలి గాలి ఆడుతుంది కనుక పాత గాజుకు ఇరువైపులా ఉష్ణోగ్రత ఇంచుమించు సమానంగా ఉండి, దాని మీద నీరు పేరుకోదు. మూడవది ఖాళీల పూరణ. పూర్వపు మరమ్మతులలో అడ్డదిడ్డంగా పెట్టిన గాజుముక్కల స్థానంలో పరిసరాలకు అనుగుణమైన వన్నె గల ముక్కలను చేర్చారు.

ఈ మూడవ అంశం వద్దనే అధ్యాపకులు ఆగి ఆలోచించవలసి ఉంది. మధ్యయుగపు గాజు పరిశోధనకై 1952లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ కార్పస్ విట్రియారుమ్ పరిరక్షణకు నియమావళి రూపొందించింది. కొత్తగా చేర్చిన ప్రతి ముక్క మీదా చెరగని గుర్తుగా తేదీ ఉండాలని, చేసిన ప్రతి పనినీ లిఖితంగా నమోదు చేయాలని, అవసరమైతే వెనక్కు తీసుకోగల విధంగానే పని జరగాలని అది కోరుతుంది. పుణెలోని భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతిలో సుక్తంకర్ బృందం సందేహాస్పదమైన పాఠం కింద అలగీత ఉంచిన సంగతి ఇక్కడ గుర్తుకువస్తుంది. పాఠకుడు శ్లోకాన్ని నిరాటంకంగా చదువుకోగలడు. కావాలనుకుంటే పరిష్కర్త ఎక్కడ తడబడ్డాడో చూడగలడు. గాజుముక్క మూలన గీసిన తేదీ కూడా అంతే. కింద నుంచి చూసేవారికి అది కనబడదు. నిచ్చెన వేసుకుని దగ్గరకు వెళ్లినవారికి దాగదు.

మన తెలుగు ముద్రణలలో ఈ అలగీత అరుదు. పాఠభేదాలను పుట అడుగున ఇచ్చిన మంచి ప్రతులు ఉన్నాయి. కానీ శిథిలమైన చోట తానే పూరించిన అక్షరాన్ని కుండలీకరణంలో ఉంచడానికి కూడా సిద్ధపడని ప్రతులను నేను పరిశోధన సమయంలో చూశాను. వాటి పూరణలు కొన్ని ఎంతో సుందరంగా ఉన్నాయి. అందువల్లనే వాటిని గుర్తించడానికి నాకు మూడు వ్రాతప్రతులు వెదకవలసి వచ్చింది.

ఫెయిర్‌ఫర్డ్ పడమటి కిటికీ పై సగం విషయానికి వస్తే, 2010 నాటి పరిరక్షకులు దానిని తొలగించలేదు. దాని వయసు ఇప్పుడు నూట అరవై ఏళ్లు దాటింది. దానికి ముందున్న గాజు పూర్వస్థితిలో లేదు కనుక, తొలగిస్తే ఆ స్థానంలో పెట్టగలిగినది మరొక నకలు మాత్రమే. క్రీస్తు పైన, మిఖాయేలు కింద, అతుకు వాళ్లిద్దరి నడుమ అలాగే ఉన్నది.